గరిటికమ్మ ఇంటిపేరు

పొలముగట్లమీదను, బీళ్లలోను, వేరుసెనగ చాళ్లనడుమను మోకాలెత్తు పెరిగి, కొనలయందు చిన్న ఊదాపువ్వులు పూయు గరిటికమ్మను ఎరుగని రైతు మన సంఘ సభ్యులలో ఒక్కడైన నుండడు. వైద్యులు సహదేవి యని పిలుచునదియు నిదియే. ఈ మొక్కకు శాస్త్రజ్ఞులు వాడు పేరు 1990వ సంవత్సరమున మారినది. అంతవరకు వెర్నోనియా సినెరియా అని పుస్తకములలో నున్నది అప్పటినుండి సయాంథిలియం సినెరియం అయినది. ఈ సంగతి మొన్న సంఘకార్యాలయమున ప్రస్తావనకు రాగా, "మొక్క మారలేదు, కలుపు తగ్గలేదు, పేరు మారినచో మాకేమి?" అని కొందరు సభ్యులు అడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. కాని "మీకేమియు లేదు, అది పండితుల గొడవ" యని వారికి బదులు చెప్పువారితో మేము ఏకీభవింపజాలము. పేరు మార్చుట సరియైన పనియే యనియు, మార్చిన పేరును రైతునకు అందజేయు తీరు మాత్రము సరిగా లేదనియు మా అభిప్రాయము.

ముందుగా మొక్కను చూతము. గరిటికమ్మ చామంతి కుటుంబములోనిది. ఈ కుటుంబమునకు ఒక్క గురుతు తెలిసికొన్నచో చాలును. మనము ఒక పువ్వు అనుకొనునది నిజమునకు ఒక పువ్వు కాదు, సన్నని పువ్వుల గుంపు. పొద్దుతిరుగుడు పళ్లెమును విరిచి చూచినచో ఈ సంగతి పిల్లవానికైనను బోధపడును. అందు ఒక్కొక్క గింజ ఒక్కొక్క పువ్వునుండి పుట్టినది. పొద్దుతిరుగుడునకు చుట్టును రేకులవంటి పచ్చని పువ్వులు అంచుగా నుండును. గరిటికమ్మకు ఆ అంచు లేదు. ఒక్కొక్క గుంపులో ఇరువది ప్రాంతపు గొట్టపు పువ్వులు మాత్రముండును. అవి వాడిన పిదప తెల్లని నూగు విచ్చుకొని, గింజను గాలిలో లేపి పొరుగువాని పొలములో దింపును. ఒక్కడు గట్టు శుభ్రము చేసికొని పొరుగువాడు చేయనిచో ఫలము లేకపోవుట ఇందువలననే. ఆకుమీదను కాడమీదను సన్నని రోమములుండి మొక్క బూడిద చల్లినట్లు కనబడును. సినెరియా అను లాటిను మాటకు బూడిదరంగుది యనియే అర్థము.

శాస్త్రనామములో రెండు మాటలుండును. మొదటిది ప్రజాతి పేరు, రెండవది జాతి పేరు. ఇంగ్లీషువారు తమ ఇంటిపేరును చివర పెట్టుకొందురు గాని, మొక్కల పేళ్లలో మాత్రము మన తెలుగువారి వాడుకయే సాగుచున్నది. ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. గరిటికమ్మ విషయమున మారినది ఇంటిపేరు మాత్రమే. సినెరియా సినెరియం అగుట కేవలము వ్యాకరణము. సంస్కృతమున విశేషణము విశేష్యపు లింగమును అనుసరించినట్లే, వెర్నోనియా స్త్రీలింగము గనుక సినెరియా యనియు, సయాంథిలియం నపుంసకలింగము గనుక సినెరియం అనియు అయినది. మిషను పాఠశాలలో మాచేత లాటిను శబ్దములు వల్లెవేయించిన దొరగారు ఇవి కలుపుమొక్క దగ్గర పనికివచ్చునని చెప్పియుండినచో, మేము మరికొంత శ్రద్ధతో చదివియుందుము.

ఇప్పుడీ ఇంటిపేరు ఎట్లు వచ్చినది, ఎట్లు పోయినది యను కథ. 1753లో స్వీడను దేశపు లినీయసు ఈ మొక్కను కోనైజా సినెరియా అని వ్రాసెను. 1791లో ష్రేబరు అను జర్మను పండితుడు వెర్నోనియా అను ప్రజాతిని ఏర్పరచెను. ఆ పేరు విలియం వెర్నను అను ఇంగ్లీషువానిని బట్టి వచ్చినది. ఆయన 1698 ప్రాంతమున అమెరికాలోని మేరీలాండులో మొక్కలను సేకరించినవాడు. అనగా వెర్నోనియా పుట్టుకచేతనే అమెరికా ఇంటిపేరు. 1826లో బ్లూమ్ అనువాడు జావాద్వీపపు మొక్కలను వర్ణించుచు సయాంథిలియం అను మరియొక ప్రజాతిని ఏర్పరచెను; నీలపు చిన్నపువ్వు అని ఆ గ్రీకుమాట భావము. అయితే 1829లో లెస్సింగు అను జర్మను పండితుడు మన గరిటికమ్మను అమెరికా ఇంటనే చేర్చెను. తరువాతివారు ఆయన మాటనే పట్టుకొనిరి. ఊదాపువ్వులు గల ఇట్టి మొక్క ఏ ఖండమున దొరికినను వెర్నోనియాలో వేయుట అలవాటైపోయినది. గాంబుల్ దొరగారు మద్రాసు రాజధాని వృక్షజాలమును గూర్చి 1915 మొదలు 1936 వరకు భాగములుగా వెలువడిన గ్రంథమును ఆరంభించిననాటికిని ఇదియే వాడుక. ఆ ఇల్లు పెరిగి పెరిగి సుమారు వేయి జాతులు గల ఇల్లయినది. వేయిమంది ఒక్క ఇంటిపేరుతో నున్నప్పుడు ఆ పేరు చెప్పినందున ఏ మనిషిని గూర్చియు ఏమియు తెలియదు.

వాషింగ్టనులోని స్మిత్సోనియను సంస్థలో పనిచేసిన హెరాల్డు రాబిన్సను అను శాస్త్రజ్ఞుడు ఈ ఇంటిలోనివారిని ఒక్కొక్కరిగా పరీక్షించెను. పుప్పొడిని సూక్ష్మదర్శినిలో చూచుట, గింజను, పువ్వులోని భాగములను పోల్చుట, ఇదియంతయు ఓర్పుతో చేయవలసిన పని. మనవంటివారికి తేలికగా అందు ఒక్క సాక్ష్యమును మాత్రము చెప్పెదము. ప్రతి జీవకణములోను క్రోమోసోములను సన్నని పోగులవంటివి ఒక నిర్ణీత లెక్కలో నుండును. అమెరికా వెర్నోనియాలలో ఆ లెక్కకు మూలము పదునేడు. ఆసియా ఆఫ్రికాలలో వెర్నోనియా అనిపించుకొన్నవానిలో మూలము తొమ్మిది గాని పది గాని. గరిటికమ్మది తొమ్మిది, కణములో జతలుగా పదునెనిమిది. వెలుపల పోలిక యుండి లోపల లెక్క ఇంతగా భేదించినప్పుడు వీరు దాయాదులనుట కష్టము. 1990లో రాబిన్సను గరిటికమ్మను వెర్నోనియానుండి తీసి, బ్లూమ్ ఏర్పరచిన సయాంథిలియంలో చేర్చెను. పిమ్మట 2007లో స్టెర్లింగు కీలీయు ఆమె సహచరులును డి.ఎన్.ఏ. పరీక్షలు చేసి, పాతప్రపంచపు వెర్నోనియాలును అమెరికా వెర్నోనియాలును వేర్వేరు శాఖలని కనుగొనిరి. ఈ తెగను ఆ శాస్త్రజ్ఞులు నవ్వులాటకు దుష్టతెగ యని పిలుతురట. హద్దులు తెలియక వారు విసిగి పెట్టుకొన్న పేరది. వేసవి దుక్కులకు ముందు గట్లు చెక్కు మన రైతులు వేరు కారణముచేత ఆ పేరును ఒప్పుకొందురు.

ఇందులో రైతులు గమనింపవలసిన చిత్రమొకటి కలదు. క్రొత్తపేరని మనము గొణుగుకొనుచున్న సయాంథిలియం 1826 నాటిది. పాతపేరని విడువజాలని వెర్నోనియా సినెరియా 1829 నాటిది. రాబిన్సను ఇంటిపేరును కల్పింపలేదు, ఉన్నదానిని వెదకి తెచ్చెను. తగిన పాతపేరు ఉండగా క్రొత్తది కల్పింపరాదనియే వారి నిబంధన. సొంతపేరు పెట్టిన లినీయసును గూడ వారు మరువలేదు. క్రొత్తనామము వెంబడి కుండలీకరణములలో ఆయన పేరిటి మొదటి అక్షరము నేటికిని వ్రాయబడుచున్నది. మన రెవిన్యూ దస్తావేజులలో ఇంత మర్యాద ఎప్పుడును కనబడదు.

ఇట్టిది మన నేలమీద జరుగుట ఇదియే మొదలు కాదు. చామంతి కుటుంబమునకు చెందకున్నను మన భాషకు సంబంధించినది గనుక సోమిదచెట్టు సంగతి చెప్పవలెను. 18వ శతాబ్ది చివర సామర్లకోటలో నున్న రాక్స్‌బరో అను స్కాట్లండు వైద్యుడు కోరమాండలు తీరపు మొక్కలను వర్ణించుచు, తెలుగువారు చెప్పిన పేళ్లను గూడ వ్రాసికొనెను. జ్వరమునకు పట్టవాడు సోమిదను ఆయన అమెరికా మహాగని ప్రజాతియైన స్వీటీనియాలో చేర్చెను. 1830లో ఫ్రెంచి పండితుడైన ఆద్రియన్ ద జూస్యూ దానిని ఆ ఇంటినుండి తీసి వేరు ఇల్లు కట్టెను. ఆ ఇంటికి పెట్టిన పేరు సోయిమిడా. అది మన సోమిదయే. నేడు ప్రపంచమున ఏ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడైనను ఆ చెట్టును గూర్చి వ్రాసినచో తెలుగుమాట వ్రాయక తప్పదు. సామర్లకోట చుట్టుపట్ల ఎవరో ఒకరు "దీని పేరేమి?" అని అడిగినందున, ఎవరో ఒకరు సరిగా చెప్పినందున అట్లు జరిగినది. చెప్పినవారి పేరు మాత్రము ఆ పుస్తకముల అట్టమీద లేదు.

ఇక "మాకేమి" అను ప్రశ్నకు వత్తము. మొక్కల చుట్టరికము పురుగులకు మనకన్న బాగుగా తెలియును. ఒక మొక్కను తిను పురుగు సాధారణముగా దాని దగ్గర బంధువులనే ముట్టును, దూరపువారిని ముట్టదు. వయ్యారిభామ మన దేశమున 1950ల నడుమ పూనా ప్రాంతమున కనబడి తరువాత అంతటను వ్యాపించినది. దానిని అణచుటకు మెక్సికోనుండి జైగోగ్రామా అను పెంకుపురుగును తెచ్చి, 1984లో బెంగుళూరున విడిచిరి. వయ్యారిభామయు చామంతి కుటుంబముదే; పొద్దుతిరుగుడు దానికి దగ్గర చుట్టము. కావున విడుచుటకు ముందు, ఇది పొద్దుతిరుగుడును, ఇతర పైరులను తినునా యని పరీక్షించిరి. కొన్నియేండ్లకు పొద్దుతిరుగుడు ఆకులపై ఈ పురుగు కనబడుచున్నదని గోలయెత్తి విచారణ జరిగినది. పొరుగున నున్న వయ్యారిభామ పుప్పొడి ఎగిరి ఆకులపై పడినందున పురుగు వానిని కొరికినదని పరిశోధకులు కనుగొనిరి. ఏ మొక్క దేనికి చుట్టమో తప్పుగా వ్రాసియున్నచో ముందు ఏ పైరును పరీక్షింపవలెనో ఎట్లు తెలియును? ఇంటిపేరును సరిచేయుట కాగితముపని కాదనుటకు ఇంతకన్న సాక్ష్యము రైతునకు అక్కరలేదు.

రెండవది బజారు. గరిటికమ్మకు పాత ఇంటిలో తోడుగా నుండినది అడవిజీలకర్ర. దానిని 1763లో లినీయసు కోనైజాలో వేసెను. 1794లో మోంఖ్ అను జర్మను పండితుడు బకారాయిడీస్ అను ప్రజాతిని ఏర్పరచి అందు చేర్చెను. 1803లో విల్డెనో వెర్నోనియాకు మార్చెను. మరియొక కాలమున కొందరు సెంట్రాథీరం అనిరి. ఇప్పుడు మరల మోంఖ్ పెట్టిన పేరే నిలిచి, అది బకారాయిడీస్ ఆంథెల్మింటికా అయినది. ఆంథెల్మింటికా అనగా కడుపులోని పురుగులను వెడలగొట్టునది. ఈ గింజల నూనెలోని ఒక ఆమ్లమునకు వెర్నోలికు ఆమ్లమని పేరు. మొక్కకు వెర్నోనియా పేరు పోయినను నూనెకు మాత్రము ఇంకను వదలలేదు.

ఇన్ని పేళ్లు గల గింజను అమ్ముకొనువాని గతి యేమి? మేమెరిగిన ఒక సంఘమున సభ్యులు అడవిజీలకర్రను ఏరి, ఎండబెట్టి, మూడు బస్తాలు గిడ్డంగిలో నిలువయుంచిరి. చిట్టాలో గుమాస్తా వెర్నోనియా అని పాత పుస్తకమును చూచి వ్రాసెను. దూరపు వర్తకుడొకడు బకారాయిడీస్ గింజలు కావలెనని ఉత్తరము వ్రాసినప్పుడు, అట్టి సరుకు మావద్ద లేదని ప్రత్యుత్తరము పోయినది. సరుకు గోడ అవతలనే యున్నది. ఆ యేడు దానిని స్థానిక దళారి తనకు తోచిన ధరకు తీసికొనిపోయెను. వర్తకుడు తన ఉత్తరములో పాతపేరును గూడ ఒక్క గీతలో వ్రాసియుండినచో, లేదా తెలుగున అడవిజీలకర్ర అనియుండినచో, ఆ ఏరినవారి కూలి దక్కియుండును.

తెలుగుపేరు ఒక్కటియే చాలును, లాటినుతో పనిలేదు అనువారును గలరు. మేము వారితోను అంగీకరింపము. సోమరాజి యను సంస్కృతనామమును బావంచాలకు చెప్పుదురు. వంగదేశమున అదే పేరుతో అడవిజీలకర్రను పిలుచుట కలదు. బావంచాలు చిక్కుడు కుటుంబముది, అడవిజీలకర్ర చామంతి కుటుంబముది. రెండును చర్మరోగములకు వాడబడునవే. పేరునుబట్టి ఒకదానికి బదులు మరియొకటి పంపినచో రోగికి నష్టము, సంఘమునకు అపకీర్తి. దేశపు పేరు నోటికి దగ్గర, శాస్త్రపు పేరు తూకమునకు దగ్గర. రెండును కావలెను.

పేళ్లు ఎన్నిమారులు మార్చుదురు, ఇక చాలును అనునది మరియొక ఆక్షేపణ. దీనిలో కొంత నిజము కలదు. వర్గీకరణము చట్టము కాదు. విశాలమైన పాత వెర్నోనియానే మేలని వాడుచున్నవారు నేటికిని కలరు. రేపు మరియొక సాక్ష్యము దొరికినచో మరియొక మార్పు రావచ్చును. అయినను పొలములు మరల కొలిచినప్పుడు సర్వేనంబరు మారును గాని పొలము కదలదు గదా. మారిన నంబరును చూచి ఏ రైతును సర్వేయే వద్దనడు. పాత నంబరు ఇది, క్రొత్త నంబరు ఇది యని పక్కపక్కన చూపు పట్టీ కావలెనని మాత్రము గట్టిగా అడుగును. మొక్కల విషయమున రైతునకు అందనిది ఆ పట్టీయే. థాయిలాండు దేశమున పొగత్రాగు అలవాటును మాన్పుటకు గరిటికమ్మను వాడుచున్నారు. దానిని గూర్చిన వ్రాతలు ఎక్కువగా వెర్నోనియా పేరుతో నున్నవి. మన వైద్యగ్రంథములలోను అదే పేరు. క్రొత్త వృక్షజాల పట్టికలలో సయాంథిలియం. ఒక పేరుతో వెదకినవానికి సగము జ్ఞానమే దొరకును. ఈ నష్టమునకు పేరు మార్చిన పండితుడు బాధ్యుడు కాడు. ఒక్క పేరే అచ్చువేసి రెండవదానిని విడిచిపెట్టు కరపత్రకర్తలును, మందుల డబ్బాలమీద కలుపుమొక్కల పట్టికను ఇంగ్లీషులోనే అచ్చొత్తు కంపెనీలును బాధ్యులు. రైతు డబ్బిచ్చి కొను డబ్బామీద రైతు భాషలో పేరుండవలెనని అడుగుట దురాశ కాదు.

కావున మన సంఘము తనవంతుగా చేయగలిగినది చేయవలెనని మా మనవి. గిడ్డంగి చిట్టాలో అడవిసరుకులకు ఒక నిలువుగీత అదనముగా గీసి, ముందు మన గ్రామపు తెలుగుపేరు, పిదప నేటి శాస్త్రనామము, దాని పక్కన పాతనామములు వ్రాయవలెను. గుంటగలగరకు ఎక్లిప్టా ఆల్బా అనియు ఎక్లిప్టా ప్రోస్ట్రేటా అనియు వచ్చు ఉత్తరములు రెండును ఒకే మొక్కను గూర్చినవని గుమాస్తాకు అప్పుడు తెలియును. తెలుగుపేరును వ్రాయునప్పుడు పండితులు చెప్పినది గాక, మీ యూరి కూలివారును మేకలకాపరులును పిలుచునదియే వ్రాయించుడు. మండలమునకొక పేరున్నచో అన్నియు వ్రాయించుడు.

పేరుకన్న నమ్మదగినది మొక్కయే. పువ్వును గింజయు రెండును గల కొమ్మను వేరుతోకూడ పెరికి, మన్ను దులిపి, పాతపత్రికల మడతలమధ్య పరచి, పైన బరువుంచి, కాగితములు తేమయైనప్పుడెల్ల మార్చుచు నీడను ఆరబెట్టుడు. చాలవరకు వారము పది దినములలో ఎండును. తీసిన తేదీ, గ్రామము, నేల నల్లరేగడియా ఎర్రచెలకయా, ఏ పైరులో దొరికినది, పువ్వు రంగు, వీనిని ఒక చీటీమీద వ్రాసి దానితో నుంచవలెను. పువ్వు రంగు ఎండినపిదప పోవును గనుక పచ్చిగా నున్నప్పుడే వ్రాయుట మంచిది. అట్టి నమూనా చేత నున్నచో పేరు ఎన్నిమారులు మారినను సరుకు ఏదియో తగవుండదు. కొనువారికి బేరముత్తరముతోపాటు ఒక కొమ్మను పంపవచ్చును.

వచ్చు మాసపు సమావేశమునకు సభ్యులు తమ పొలములనుండి గరిటికమ్మను, అడవిజీలకర్రను, గుంటగలగరను ఒక్కొక్క కొమ్మ తెచ్చినచో చిట్టాను ఆ దినముననే ఆరంభింతుము. వయ్యారిభామను మాత్రము తేవలదు. దాని పుప్పొడి కొందరికి ఉబ్బసమును దద్దురును కలిగించును, అదియుగాక సంఘకార్యాలయపు ఆవరణములోనే కావలసినంత యున్నది.